లిఫ్టాయన మెట్లెక్కించిన కుక్క

కోతలు కోసేవాడికి కొడవలి అక్కర్లేదు. కూర్చోడానికి ఒక బెంచీ, ఎదురుగా తీరిగ్గా ఉన్న చెవులు దొరికితే చాలు, ఎకరాలకెకరాలు కోసి పడేస్తాడు. టీ కొట్టు ముందున్న బెంచీ మీద లిఫ్టాయనకి ఈ రెండూ రోజూ సాయంత్రం పూట దొరుకుతున్నాయి.

ఆయన ఈ వీధిలోకి కాపురం వచ్చి ఎంతో కాలం కాలేదు. ఊరికి ఆ చివర ఏదో పెద్ద ఆఫీసు బిల్డింగులో లిఫ్టు నడిపి రిటైరయ్యానని తనే చెప్పుకున్నాడు, వీధి ఆ పేరే ఖాయం చేసింది. ఆయన చెప్పేదాన్ని బట్టి ఆ లిఫ్టు ఎక్కని గొప్పవాడు లేడు, ఎక్కి దిగేలోపల ఈయన్ని సలహా అడగనివాడూ లేడు. పిల్లల పెళ్ళిళ్ళు, పంటినొప్పులు, అన్నదమ్ముల తగాదాలు, అన్నీ మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్యలోనే తేల్చేసేవాడట.

టీ కొట్టుకి ఎదురుగా ఒంటిగదిలో మిషనక్క బట్టలు కుడుతుంది. ముందు సగం కొట్టు, వెనక సగం ఇల్లు, మధ్యలో ఒక తెర. కోతలరాయుళ్ళంటే ఆవిడకి ఒళ్ళుమంట. మిషను తొక్కుతున్నంతసేపూ లిఫ్టాయన గొంతు వినబడదు, ఆపితే వినబడుతుంది. అందుకని ఆయన బెంచీ ఎక్కిన వేళకి ఆవిడ చేతికుట్లు పక్కన పెట్టి మిషను పని ముందేసుకునేది.

అలాంటి మనిషి ఆవేళ మిషను మీద గుడ్డ కప్పి, తనంతట తనే వీధి దాటి ఆ బెంచీ దగ్గరకొచ్చింది. ఏం చేస్తుంది? వసుదేవుడంతటివాడికే గాడిద కాళ్ళు పట్టుకోవడం తప్పలేదు. ఆవిడ చేతిలో తాడుంది, తాడు చివర కుక్క ఉంది. గొడవంతా ఆ కుక్క గురించే.

దాని పేరు చిచ్చు. పేరు ఆవిడే పెట్టింది, పెట్టాక ఏడ్చింది. లారీ నడిపే తమ్ముడు ఎక్కడో గొర్రెల కాపరుల దగ్గర ముచ్చటపడి తెచ్చుకున్నాడు. తీరా అది లారీలో కుదురుగా కూర్చోక స్టీరింగు మీదకెక్కుతుంటే, "కొన్నాళ్ళు ఉంచు అక్కా" అని ఇక్కడ వదిలి చక్కా పోయాడు. మందల్ని తోలే జాతి అది. తోలడానికి మంద లేకపోతే ఏం చేస్తుంది, కనబడ్డవాళ్ళని తోలేది. కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళని మడమల దగ్గర ముక్కుతో పొడిచి పొడిచి ఒక మూలకి చేర్చి కాపలా కాసేది. ఇంటిగలావిడ అత్తగారు మేడ దిగి పెరట్లోకొస్తే, ఆ ముసలావిణ్ణి స్నానాలగదిలోకి తోలి గుమ్మంలో పడుకుంది. ఆవిడ మధ్యాహ్నం భోజనం అక్కడే చెయ్యాల్సి వచ్చింది. ఇంకా తీరిక దొరికితే దిండ్లు చీల్చేది, తలుపు గీకేది, కాజాలు కుట్టాల్సిన జాకెట్టు నోట కరుచుకుని వీధంతా ఊరేగించేది.

కరిచే రకం మాత్రం కాదు. ఇన్నాళ్ళలో ఎవరి మీదా ఒక్క పంటిగాటు లేదు. కాళ్ళ నిండా పరుగుంది, పరిగెత్తే చోటు లేదు, అంతే దాని రోగం. ఆ సంగతి మిషనక్కకి తెలుసు. తెలిసి ఏం లాభం? తెల్లారినప్పట్నుంచీ దీపాలు పెట్టేదాకా మిషను ముందు కూర్చుంటే గానీ గడవని మనిషి, కుక్క వెంట ఎక్కడ పరిగెడుతుంది?

ఇంటిగలావిడ తేల్చి చెప్పేసింది. "ఆదివారం నాటికి ఈ ఇంట్లో ఆ కుక్కయినా ఉండాలి, నువ్వయినా ఉండాలి."

గోడౌను వాచ్‌మన్ ఒకడు దాన్ని తీసుకుంటానన్నాడు. దాని కోసం కొన్న గొలుసు కూడా తెచ్చి చూపించాడు. "ఒక్కసారి కట్టామంటే మళ్ళీ విప్పే పనే ఉండదక్కా" అని సంతోషంగా చెప్పాడు. ఆ గొలుసు చూసిన దగ్గర్నుంచీ ఆవిడకి ముద్ద దిగడం లేదు. అతను ఈ సాయంత్రమే వస్తానన్నాడు. ఇటు చూస్తే లిఫ్టాయన వీధంతా వినేలా అంటున్నాడు, "ఆ కుక్కని నాకప్పగించమనండి, గొర్రెపిల్లని చేసి ఇస్తాను" అని. గొలుసుకా, గొప్పలకా, కుక్కని దేనికప్పగించాలి? అది తేల్చుకోవడానికొచ్చింది మిషనక్క.

బెంచీ మీద అప్పటికే సెలూనాయన, లెక్కల మాస్టారు ఉన్నారు. సెలూనాయన నాలుక ఆయన కత్తికన్నా పదును. మాస్టారు బడి మానేసి ఏళ్ళయినా ఎవరి మాటలోనైనా లెక్క తప్పితే ఊరుకోలేరు. కొట్టు నడిపే టీ అక్క, మిషనక్క చేతికి గ్లాసు అందించింది.

"అన్నయ్యా," అంది మిషనక్క, "కుక్కని దారిలో పెడతానంటున్నావట. ఇంతకు ముందు ఎప్పుడైనా పెట్టావా?"

పంపు విప్పినట్టయింది.

"పెట్టావా అని నన్నడుగుతున్నావా చెల్లెమ్మా? సరేలే, నీ తప్పు కాదు, ఈ వీధి దాటి నువ్వు చూసిందేముంది గనక. మా మేనేజరు గారికి ఒక కుక్క ఉండేది. దాని ముందు ఇదెంత, దూదిబొమ్మ. ఇంట్లో సోఫా కొరికేసింది, పరుపు కొరికేసింది, ఇక మిగిలింది నేనేనండీ అని ఆయన భార్య పుట్టింటికి పెట్టె సర్దుకుంటే, ఆయన పాపం ఆ కుక్కని రోజూ ఆఫీసుకి వెంటబెట్టుకొచ్చేవాడు. ఆఫీసులో ఫైళ్ళు కొరికింది. చివరికి నా దగ్గరకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు."

"ఎవరు, కుక్కా?" అన్నాడు సెలూనాయన.

"మేనేజరయ్యా! మాటకి అడ్డం రాకు. నేను దాని కళ్ళలోకి ఒక్కసారి చూశాను. చూసి, ఇది పొగరు కాదు సార్, పరుగు అన్నాను. ఒంట్లో పరుగు నిండిపోయి, ఎటు పోవాలో తెలీక పళ్ళలోంచి బయటికొస్తోంది అన్నాను. మరి నేను డ్యూటీ వదిలి కదలడానికి లేదు, కుక్కతో పాటు పరిగెత్తడానికి నాకు పిచ్చి లేదు. అప్పుడేం చేశానో తెలుసా? కుక్కని మెట్ల మీద పంపాను, నేను లిఫ్టులో వెళ్ళాను. ఆరో అంతస్తులో తలుపు తీసి నిలబడితే అది రొప్పుకుంటూ వచ్చేది. ఒక బిస్కెట్టు ముక్క పెట్టి, వీపు నిమిరి, మళ్ళీ కిందికి. అది మెట్ల మీద, నేను లిఫ్టులో. మధ్యాహ్నమయ్యేసరికి నా స్టూలు కింద గోనెసంచిలా పడి నిద్ర. సాయంత్రం మేనేజరు గారొచ్చి, ఇది నా కుక్కేనా అని మెడపట్టీ తిప్పి చూసుకున్నాడు."

మిషనక్క టీ తాగడం ఆపింది. ఇందులో కోత ఎక్కడుంది? మనిషి కదలకుండా కుక్క అలిసిపోవాలి, తనకి కావలసింది అదే కదా. ఈయన్ని అన్యాయంగా ఆడిపోసుకుందేమో, మిషను చప్పుడులో నాలుగు మంచిమాటలు కూడా పోగొట్టుకుందేమో అనిపించింది. చేతిలో తాడు కొంచెం వదులయింది. ఆ వదులంతా చిచ్చు వాడేసుకుంది. మాస్టారి మడమని ముక్కుతో పొడిచి, ఆయన్ని సెలూనాయన వైపు ఒక జానెడు జరిపింది.

లిఫ్టాయన అక్కడితో ఆపి ఉంటే ఆవిడ తాడు ఆయన చేతిలో పెట్టేసి ఇంటికెళ్ళిపోయేది. ఆపితే ఆయన లిఫ్టాయన ఎలా అవుతాడు?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు, కాలు మీద కాలు వేసుకుని. "కుక్క చేవ తేలింది. మొదట్లో నేను ముందు చేరేవాణ్ణా, కొన్నాళ్ళకి ఇద్దరం ఒకేసారి, ఇంకొన్నాళ్ళకి నేను తలుపు తీసేసరికి అదే అక్కడ కూర్చుని ఇంత ఆలస్యమేంటన్నట్టు చూసేది. లిఫ్టుకన్నా ముందయ్యా! ఆఫీసులో గుమాస్తాలు లిఫ్టెక్కడం మానేశారు. తొందరగా పైకెళ్ళాలంటే కుక్క తోక పట్టుకునేవాళ్ళు."

"తోక ఒకటే కదా, ఎంతమంది పట్టుకుంటారు?" అన్నారు మాస్టారు.

"తోకని ఒకడు, వాడి చొక్కాని ఇంకొకడు, వాడి చొక్కాని మరొకడు, అలా క్యాషియరు దాకా. మలుపుల దగ్గర చివరివాడు గోడకి కొట్టుకునేవాడు. అది క్యాషియరు ఖర్మ, నేనేం చేస్తాను?"

"పాపం, రోజూ ఆయనే చివరా?" అంది టీ అక్క పాలు కాస్తూ.

"లావు మనిషి. ఆలస్యంగా వచ్చేవాడు. సరే, ఆ పరుక్కి మెట్లు వేడెక్కిపోయేవి. చెయ్యి పెడితే బొబ్బలే! ఆఫీసులో ఆడవాళ్ళు టిఫిను డబ్బాలు తెచ్చి మెట్ల మీద వరసగా పెట్టుకునేవాళ్ళు. మూడో అంతస్తు మెట్లు సన్నసెగ, ఐదో అంతస్తు మెట్లు పెద్దమంట. తెలియని కొత్త గుమాస్తా ఒకడు ఐదో అంతస్తు మెట్టు మీద పాలు పెట్టి పొంగబెట్టుకున్నాడు. ఆ మరక ఇంకా పోలేదు."

"నాకు గడ్డాలకి వేడినీళ్ళు కావాలయ్యా, ఆ మెట్టొకటి ఊడబీకి ఇప్పించరాదూ?" అన్నాడు సెలూనాయన.

"నవ్వు, నవ్వు. నాలుగు వెంట్రుకలు కత్తిరించి దులుపుకునేవాడికి కుక్కల శాస్త్రం ఏం ఎక్కుతుంది? కుక్కని పెంచడమంటే అన్నం పెట్టడం అనుకుంటారు మీరంతా. మీకు తెలిసింది అంతే."

మిషనక్క మనసులో వెలిగిన దీపం కొడిగట్టడం మొదలైంది. అయినా ఆశ చెడ్డది. బంగారంలో రాగి కలపరూ? అలాగే నిజంలో కాస్త కోత కలిపాడనుకుంది. గుడ్డలో పనికిరాని అంచు కత్తిరించినట్టు, తోక పట్టుకున్న గుమాస్తాల్ని కత్తిరించేసింది, పొంగిన పాలు కత్తిరించేసింది, మెట్ల సంగతి ఒక్కటీ జాగ్రత్తగా దాచుకుంది. కానీ ఆయన చెప్పేకొద్దీ కత్తెరకి పని పెరుగుతోంది, గుడ్డ తరుగుతోంది.

"ఇక దానికి ఆరంతస్తులు చాలలేదు," అన్నాడు లిఫ్టాయన. "ఒకరోజు పంపానా, ఆరో అంతస్తులో తలుపు తీశానా, కుక్క లేదు. డాబా మీదా లేదు. ఏమైందో తెలుసా? ఆ ఊపులో ఏడో అంతస్తుకి వెళ్ళిపోయింది!"

"బిల్డింగుకి ఆరేనన్నావుగా?" అన్నారు మాస్టారు.

"ఆరే. ఏడోది కడదామనుకున్నారు, కట్టలేదు. ఆ సంగతి కుక్కకెవరు చెప్పారు? తెలీక ఎక్కేసింది పాపం. ఎక్కి, లేని వరండాలో కూర్చుని ఒకటే మొరుగుడు. ఇక తప్పుతుందా, లిఫ్టు ఏడుకి పోనిచ్చాను."

"ఆరంతస్తుల లిఫ్టులో ఏడు నంబరు మీట ఎక్కడిది?"

"ఆరు నొక్కాను, వెంటనే ఒకటి నొక్కాను. ఆరూ ఒకటీ ఎంత మాస్టారూ?"

"ఏడు," అనేశారు మాస్టారు, బళ్ళో పిల్లాడిలా. అని, నాలిక్కరుచుకున్నారు.

"చూశారా, ఆయనే ఒప్పుకున్నాడు! తలుపు తీస్తే ఏముందనుకున్నారు? మబ్బు. గుమ్మానికి అడ్డంగా మబ్బు. తీసీ తియ్యకముందే లోపలికొచ్చి నిలబడింది. ఎక్కినవాళ్ళని దించడం నా డ్యూటీ, పొమ్మనడానికి నేనెవర్ని? కుక్కనీ మబ్బునీ ఎక్కించుకుని దిగాను. అది రెండో అంతస్తులో దిగిపోయి అకౌంట్సు సెక్షనంతా తిరిగి కురిసింది. ఆవేళ అందరూ గొడుగులేసుకుని పనిచేశారు."

ఈలోపల చిచ్చు తన పని తాను చేసుకుపోతోంది. బెంచీ ఈ చివర ఉన్న మాస్టార్ని మధ్యకి, మధ్యలో ఉన్న సెలూనాయన్ని గోడవైపుకి తోలేసింది. ఇప్పుడు ముగ్గురు మగవాళ్ళూ బెంచీ కొసన ఒకరి తొడ మీద ఒకరు ఎక్కినంత పని చేసి కూర్చున్నారు. మిషనక్క తాడు గుంజి దాన్ని కాళ్ళ దగ్గర కూర్చోబెట్టబోయింది. తాడు అరచేతిని కోసింది గానీ కుక్క కూర్చోలేదు.

"మోచెయ్యి తియ్యవయ్యా," అన్నాడు లిఫ్టాయన సెలూనాయనతో. "ఆ, తర్వాత ఏమైందో తెలుసా? ఒకనాడు కరెంటు పోయింది. లిఫ్టులో పెద్దసారు, పెద్దసారు భార్య, ఆవిడ చెల్లెలు, నేను. మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయాం. ఆడవాళ్ళు ఏడుపు, పెద్దసారు వాళ్ళకన్నా గట్టిగా ఏడుపు. నేను నవ్వాను. కుక్క ఉండగా మనకి కరెంటెందుకు? 'లాగు' అన్నాను. లిఫ్టు తాడు పళ్ళతో పట్టుకుని మెట్ల మీద ఒక్క పరుగు తీసింది. లిఫ్టు వచ్చింది. లిఫ్టొక్కటే వస్తే చెప్పుకోడానికేముంది, లిఫ్టుతో పాటు బిల్డింగూ వచ్చింది! పునాదిలోంచి ఇంత ఎత్తు పైకి లేచింది. కింద జనం హాహాకారాలు. 'ఇక చాల్లే' అన్నాను, చటుక్కున ఆగింది. అదీ శిక్షణంటే! కానీ లేచిన బిల్డింగు మళ్ళీ దిగుతుందా? అందుకే గుమ్మం ముందు తర్వాత రెండు మెట్లు కట్టించారు. ఇప్పటికీ ఉన్నాయి, నమ్మకపోతే వెళ్ళి చూసుకోండి."

"మెట్లు లేని గుమ్మం ఎక్కడుందయ్యా?" అన్నాడు సెలూనాయన. "నా సెలూను ముందూ రెండున్నాయి. ఏ కుక్క లాగిందో, నేను నిద్రలో ఉండగా."

టీ అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఇంతకీ ఇప్పుడెక్కడుందన్నయ్యా ఆ కుక్క?"

"ఎక్కడుండటమేంటి, నా స్టూలు మీద! నేను రిటైరైతే నా ఉద్యోగం దానికే ఇచ్చారు. మూడో అంతస్తొస్తే మూడుసార్లు మొరుగుతుంది, నాలుగొస్తే నాలుగుసార్లు. ఎక్కేవాళ్ళతో నాకన్నా మర్యాదగా ఉంటుందని పేరు కూడా తెచ్చుకుంది."

"ఆ ఒక్క ముక్కా నమ్మొచ్చు," అన్నాడు సెలూనాయన.

అందరూ నవ్వారు. మిషనక్క నవ్వలేదు. వీధి మొదట్లో గోడౌను వాచ్‌మన్ వస్తూ కనబడ్డాడు. భుజం మీద తువ్వాలు వేసుకున్నట్టు గొలుసు వేసుకున్నాడు. ఎవరితోనో ఆగి మాట్లాడుతున్నాడు, ఇవాళ కాకపోతే రేపు తెచ్చుకునే కూరగాయలకోసం వచ్చినంత నింపాదిగా.

లిఫ్టాయన చెయ్యి చాపాడు. "ఇంక ఆలోచనేంటి చెల్లెమ్మా, ఇలా ఇవ్వు తాడు."

మునిగేవాడికి గడ్డిపోచ. ఇచ్చేద్దామనే అనుకుంది ఆవిడ. మబ్బు పోతే పోయింది, బిల్డింగు లేస్తే లేచింది, మెట్లెక్కించడం ఒక్కటి చేతనైనా చాలు. "ఇస్తానన్నయ్యా. పైకి పొమ్మని దానికెలా చెప్పేవాడివో ముందు ఒకసారి చూపించు. దీనికీ అలవాటు కావాలిగా."

"మాటతో పనే లేదు. కుక్కతో మాట్లాడేవాడు కుక్కకి లోకువ. నేను పేపరు చదువుకుంటూ తల కూడా ఎత్తేవాణ్ణి కాదు. ఇదిగో, ఇంతే." లేని పేపరుని ఎడంచేత్తో మొహానికి అడ్డంగా పట్టుకుని, కుడిచేతి బొటనవేలు భుజం మీదుగా వెనక్కి ఊపాడు, పక్కకి పొమ్మన్నట్టు.

చిచ్చు ఆ వేలు చూసి ఆవలించింది. మిషనక్క మాత్రం బిగుసుకుపోయింది.

ఆ వేలు ఎక్కడో చూసింది. ఎక్కడ? ఈ మధ్య ఆవిడకి మొహాలు నిలవడం లేదు. నిన్న కొలతలిచ్చి వెళ్ళినవాళ్ళు ఇవాళ వీధిలో పలకరిస్తే ఎవరో తెలీక ఉత్తినే నవ్వుతోంది, ఇంటికొచ్చి భయపడుతోంది. ఇప్పుడూ మొహం గుర్తురాలేదు. వేలు గుర్తొచ్చింది. వేలు వెనకే భుజం మీది బరువు గుర్తొచ్చింది.

మిషను కొనుక్కోకముందు ఆవిడ ఒక కర్టెన్ల కొట్లో పనిచేసేది. ఊరి ఆ చివర ఆఫీసు బిల్డింగులో ఆరో అంతస్తు కిటికీలన్నిటి కర్టెన్లూ ఆ కొట్టువే. మాసినవి దింపాలి, ఉతికినవి ఎక్కించాలి, చిరిగినవి మళ్ళీ దింపాలి. మందపాటి గుడ్డ, మూట కడితే దూడంత బరువు. గుమ్మం దాటితే ఎదురుగా లిఫ్టు, లిఫ్టు పక్కన స్టూలు, స్టూలు మీద ఒక పేపరు, పేపరు వెనక ఎవరో. "అన్నా, లిఫ్టు..." అనేలోపలే పేపరు పక్కనుంచి బొటనవేలు లేచి మెట్ల వైపు ఊగేది. ఆ పేపరు ఏనాడూ కిందికి దిగలేదు. మూట మోసేది ఆడో మగో కూడా దానికి తెలీదు.

మిషనక్క టీ గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"అన్నయ్యా, ఆ లిఫ్టులో చీపుళ్ళెవరివి?"

"ఏ చీపుళ్ళు?"

"ఇనపజాలీ తలుపుకి తాళం వేసి ఉండేది కదా. లోపల చీపుళ్ళు, బకెట్లు, ఆరేసిన తడిగుడ్డలు. వాటి మధ్య మబ్బుకి నిలబడ్డానికి చోటెక్కడ దొరికిందా అని."

సెలూనాయన నోటి దాకా వచ్చిన గ్లాసు అక్కడే ఆగింది. లిఫ్టాయన మొహానికి అడ్డంగా పట్టుకున్న చెయ్యి మెల్లగా దించాడు.

"అదా... ఎప్పుడో రిపేరు వచ్చింది. అప్పుడు ఓ నాలుగు రోజులు..."

"నేనొచ్చినప్పుడల్లా రిపేరేనా? కొత్త కర్టెన్లు మాసేదాకా రిపేరు, మాసినవి ఉతికి తెచ్చేదాకా రిపేరు, ఉతికినవి చిరిగేదాకా రిపేరు. నేను ఆ పనిలో చేరినప్పుడు వేసి ఉన్న తాళం, మానేసినప్పుడూ వేసే ఉంది. తుప్పు పెరిగిందంతే."

"నువ్వు అక్కడికెప్పుడొచ్చావు చెల్లెమ్మా? నిన్నెప్పుడూ చూడలేదే!"

"ఎలా చూస్తావు, పేపరు దించితే కదా?" ఆవిడ గొంతు పెద్దదవలేదు. పెద్దదయి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేది. "ఇంత గొప్పగా శిక్షణ ఇచ్చి, సొంత కుక్కనే గుర్తుపట్టలేకపోయావేం అన్నయ్యా? నువ్వు మెట్లెక్కించిన కుక్కని నేనే. ఆ బిస్కెట్టు ముక్క మాత్రం నాకెప్పుడూ పెట్టలేదు."

పొయ్యి మీద పాలు పొంగి మంట సుయ్యిమంటే గానీ టీ అక్క ఈ లోకంలోకి రాలేదు.

"అంటే ఉద్యోగం మొత్తం మీద ఆయన లిఫ్టు నడిపింది," అని మాస్టారు గాల్లో వేలితో ఏదో కూడారు, కొట్టేశారు, "సున్నా అంతస్తులు."

అప్పుడు మొదలైంది నవ్వు. సెలూనాయన నవ్వి నవ్వి మాస్టారి భుజం మీద పడిపోయాడు. లిఫ్టాయన ఎటు చూడాలో తెలీక కుక్క వైపు చూశాడు. అక్కడున్నవాళ్ళలో అదొక్కటే నవ్వడం లేదు.

ఇంతలో గొలుసు చప్పుడు చేసుకుంటూ వాచ్‌మన్ రానే వచ్చాడు. "ఏమక్కా, తీసుకుపోనా?"

నవ్వు ఆగిపోయింది. మిషనక్క గొలుసు వైపు చూసింది, చేతిలో తాడు వైపు చూసింది. తాడున్న చెయ్యి ముందుకి చాపింది. వాచ్‌మన్ అందుకోబోయాడు. ఆ చెయ్యి అతన్ని దాటుకుని లిఫ్టాయన ఒళ్ళో తాడు పెట్టింది.

"నీ కోతలన్నిట్లోకీ ఒక్కటి నిజం అన్నయ్యా. మెట్లెక్కినవాళ్ళకి ఒళ్ళు తెలీకుండా నిద్రపడుతుంది. ఆ సంగతి నన్నడగాలి. రైలు పట్టాల మీద కాలివంతెన ఉంది, అటెక్కి ఇటు దిగడం, ఇటెక్కి అటు దిగడం. గొర్రెపిల్లని చేస్తానని వీధంతా చాటావు. లే."

"నేనా? అక్కడ లిఫ్టు... నా మోకాళ్ళు..."

"ఇన్నేళ్ళూ స్టూలు మీద దాచుకున్న మోకాళ్ళు, కొత్తవాటిలాగే ఉంటాయిలే. నువ్వు రోజూ దీన్ని తిప్పినన్నాళ్ళూ చీపుళ్ళ సంగతి ఈ కొట్టు దాటదు. ఇక్కడున్నవాళ్ళ నోళ్ళకి నాది పూచీ. మానేసిన రోజున ఎవరి నోటికీ నేను పూచీ పడను."

లిఫ్టాయన మాస్టారి వైపు చూశాడు. మాస్టారు ఆకాశం వైపు చూశారు. సెలూనాయన వైపు చూశాడు. సెలూనాయన లేచి, మర్యాదగా దారి వదిలాడు. రేపట్నుంచీ ఈ బెంచీ మీద చోటుండాలంటే ఇవాళ దీని మీంచి లేవక తప్పదని లిఫ్టాయనకి అర్థమైంది. చెప్పులు తొడుక్కున్నాడు. తాడు మణికట్టుకి చుట్టుకున్నాడు. అది చెయ్యకుండా ఉండాల్సింది.

తాడుకి అటు చివర కొత్త మనిషి ఉన్నాడని చిచ్చుకి తెలిసిపోయింది. ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుని, రైలు పట్టాల వైపు తల పెట్టి ఒకే ఒక్క గుంజు గుంజింది. లిఫ్టాయన "ఆగు, ఆగవే, నీకు దండం పెడతాను" అంటూ పంచె ఒక చేత్తో పట్టుకుని వీధిలోకి ఎగిరిపడ్డాడు. మంచినీళ్ళ కుళాయి దాటాడు, మందుల కొట్టు దాటాడు, ఎవరో పలకరిస్తుంటే జవాబు చెప్పే వీల్లేక మలుపు తిరిగిపోయాడు.

"గొలుసు పట్టుకెళ్ళు నాయనా," అంది మిషనక్క వాచ్‌మన్‌తో. "దానికి ఉద్యోగం దొరికింది."

సెలూనాయన ఖాళీ అయిన బెంచీ ఎక్కి నిలబడి, మలుపు దాకా మెడ సాచి చూసి, వీధంతా మారుమోగేలా కేకేశాడు.

"ఇన్నేళ్ళకి కదిలిందర్రా లిఫ్టు!"